మూడుసార్లు చదివిన స్టాటిస్టిక్స్

ఈ మధ్యాహ్నం డిగ్రీ మూడో సెమిస్టర్ ఫలితాలు వచ్చాయి. నేను స్టాటిస్టిక్స్‌లో తప్పాను. పదికి తొమ్మిది గ్రేడ్ పాయింట్లు తెచ్చుకోవాలని గోడకు కాగితం అంటించి, రంగు పెన్నులతో టైంటేబుల్ గీసుకుని, పుస్తకమంతా మూడుసార్లు చదివాను. ఫలితం చూస్తే ఏడుపు కూడా రాలేదు. ఇంటికెళ్లే మనుబోలు బస్సులో పక్కన కూర్చున్న క్లాస్‌మేట్ షమీమ్‌కి అందులోనే ఎనభై ఏడు మార్కులు.

"ఎట్ల చదివినావే?" అన్నాను.

"రోజుకొక పాఠమే పెట్టుకున్నా. పుస్తకం మూసేసి, మిషన్ కుట్టుకుంటా ఉండే మా అమ్మీకి చెప్పేదాన్ని. మధ్యలో ఆగిపోతే మళ్లా చదివేదాన్ని. ఆమెకేం అర్థం కాదులే."

నేనెప్పుడూ పుస్తకం మూసి ఎంత గుర్తుందో చూసుకోలేదని అప్పుడు తెలిసింది.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. "సరే, అన్నం తిను" అంది. తిన్నాను. ఏం కూరో గుర్తు లేదు.

సప్లిమెంటరీకి నా పాఠాలు వినడానికి ఎవరైనా ఖాళీగా ఉన్నారా?