ఎదురుగా వచ్చే కాయ

పండ్ల మార్కెట్లో ఆమెను అందరూ బుట్టక్క అనేవారు. చేతుల్లో పడిందేదీ కింద పడనివ్వదని ఆ పేరు. పుచ్చకాయల లారీ వస్తే పైన ఆమె మరిది నిలబడి ఒక్కో కాయా విసిరేవాడు. కింద బుట్టక్క పట్టుకుని, ఆ ఊపులోనే పక్కకు తిరిగి వెనకామెకు అందించేది. అలా చేతులు మారుతూ కాయ గోదాములో పరిచిన గడ్డి మీదికి చేరేది.

ఇరవై రెండేళ్లుగా లారీ కింద మొదటి చోటు ఆమెదే. అది అందరూ నిలబడగలిగే చోటు కాదు. ఐదారు కిలోల కాయ సూటిగా గుండెల మీదికి వస్తుంది. చేతులు ముందే మూస్తే వేళ్లు బెణుకుతాయి, ఆలస్యమైతే రొమ్ము అదురుతుంది. బుట్టక్క మాత్రం మరిదితో లోకం మీది కబుర్లన్నీ చెబుతూనే లారీ ఖాళీ చేయించేది.

ఒక ఉదయం ఓ కాయ ఆమె చేతుల మధ్యనుంచి జారి నేల మీద పగిలింది. అందరూ నవ్వి, ముక్కలు పంచుకుని తిన్నారు. మర్నాడు రెండు పగిలాయి. అప్పుడెవరూ నవ్వలేదు. ఆ వారం చివర ఒకటి వచ్చి ఆమె భుజానికి తగిలింది.

"ఏంటయ్యా, నా మీద కోపముంటే నోటితో చెప్పు. కాయలతో కొట్టడమెందుకు?"

"ఎప్పుడూ విసిరినట్టే విసురుతున్నాను వదినా. నువ్వే ఎటో చూస్తున్నావు."

"ఇన్నేళ్లు లేనిది ఇప్పుడు దిక్కులు చూస్తానా?"

రెండు రోజులు మూగగా పని చేశారు. మూడో రోజు మేస్త్రీ దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడకుండా, "బుట్టక్కా, నాలుగు రోజులు వెనక నిలబడు" అన్నాడు. మంచివాడే, మెత్తగానే చెప్పాడు. ఆమె వెళ్లి వరస చివర నిలబడింది.

ఇంట్లో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. కానీ రెండు రోజులకు, కెటిల్ వంచి టీ పోస్తుంటే కూతురు చెయ్యి పట్టుకుంది. "అమ్మా, కప్పు ఇక్కడుంది. నువ్వు బల్ల మీద పోస్తున్నావు."

కూతురికి ఎందుకో అనుమానం వచ్చింది. తల్లి కుడి కన్ను అరచేత్తో మూసి కిటికీ ఏదని అడిగింది. బుట్టక్క టక్కున చూపించింది. ఎడమ కన్ను మూసి మళ్లీ అడిగింది. బుట్టక్క కాసేపు తటపటాయించి, "ఆ తెల్లగా ఉన్నదేనా?" అంది. ఎన్నాళ్లనుంచి అలా ఉందో ఆమెకే తెలియదు. ఇన్నాళ్లూ ఒక కన్నే రెండు కళ్ల పనీ చేస్తూ వచ్చింది.

కుడి కంట్లో శుక్లం ముదిరిందనీ, ఆపరేషన్‌కు తన వంతు వచ్చేదాకా నాలుగు నెలలు ఆగాలనీ ఆసుపత్రిలో కంటి డాక్టరు చెప్పింది. బుట్టక్క కుర్చీలోంచి లేవలేదు.

"డాక్టరమ్మా, రెండో కన్ను బాగానే ఉంది. కాయ కనపడుతూనే ఉంది. కనపడే కాయ చేతికెందుకు దొరకదు?"

డాక్టరు కలం పక్కన పెట్టింది. "బొటనవేలు ముక్కుకు ఎదురుగా పెట్టండి. ఒక కన్ను మూయండి. ఇప్పుడు అది తెరిచి రెండోది మూయండి."

మసగ్గానే అయినా వేలు పక్కకు గెంతినట్టు తెలిసింది. దగ్గరికి తెచ్చినకొద్దీ ఇంకా దూరం గెంతింది.

"రెండు కళ్లూ ఒకే బొమ్మ చూడవమ్మా. కాయ మీ మీదికి వస్తుంటే ఎడమ కంటికి కుడివైపు జరుగుతున్నట్టుంటుంది, కుడి కంటికి ఎడమవైపు. ఆ రెంటినీ పోల్చుకునే మెదడు 'ఇది సూటిగా వస్తోంది, ఇంత వేగంతో వస్తోంది' అని తేలుస్తుంది. ఒక బొమ్మ మసకబారితే పోల్చడానికేముంటుంది? కాయ పెద్దదవుతున్నట్టు మాత్రం కనిపిస్తుంది."

"మా కాయలు ఒకటి తలకాయంత, ఒకటి బిందెంత. దగ్గరికొచ్చి పెద్దగా ఉందో, పుట్టుకతోనే పెద్దదో ఎట్లా తెలిసేది?"

డాక్టరు పకపకా నవ్వింది. "అదే మీ చిక్కు. అడ్డంగా పోయేదైతే ఒక్క కంటికైనా బాగానే తెలుస్తుంది."

బుట్టక్క ఇంటికి పోకుండా నేరుగా మార్కెట్‌కు నడిచింది. మరిది ఖాళీ లారీలో గడ్డి ఊడుస్తున్నాడు.

"తప్పు నీది కాదయ్యా, నా కంటిది" అంది.

అతను చీపురు పక్కన పెట్టి లారీ దిగాడు. "నాతో పని ఇష్టం లేక వెనక్కి పోయావనుకున్నాను వదినా" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ గోనెసంచి చుట్ట చేసి ప్రయత్నం మొదలుపెట్టారు. ఆమె ఎదురుగా కాక మూడడుగులు పక్కకు నిలబడింది. అతను ఎత్తుగా, ఆమె ముందునుంచి అడ్డంగా పోయేట్టు విసిరాడు. మొదటి పది నేల మీదే. చీకటి పడేలోపు పదికి ఎనిమిది దొరికాయి. మేస్త్రీ గుమ్మంలోంచి చూసి, వీళ్లకేదో పట్టిందనుకున్నాడు.

అయినా మర్నాడు ఆమెను మళ్లీ మొదటి చోటులో, ఎదురుగా కాక పక్కగా నిలబడనిచ్చాడు. ఆ నాలుగు నెలలూ మరిది ప్రతి కాయకూ ముందే "పెద్దది", "చిన్నది" అని కేకేసేవాడు. విని విని మిగతావాళ్లకూ నోటికొచ్చేసింది. టీ కొట్లో బన్ను అందిస్తూ కూడా "చిన్నదీ!" అని అరిచేవారు.

ఆపరేషనయింది. నెల తర్వాత బుట్టక్క మళ్లీ లారీకి ఎదురుగా నిలబడింది. మరిది విసిరాడు. కాయ ఉబ్బడం కాదు, గాలిని చీల్చుకుంటూ తన మీదికే వస్తోంది. వాళ్లిద్దరి మధ్య అంత చోటుందని ఆమె మరిచేపోయింది. ఉలిక్కిపడి తప్పుకుంది. కాయ పగిలింది. "ఏమైంది వదినా?" అని అతను కంగారుపడ్డాడు. ఆమెకు నవ్వాగలేదు. "ఏం లేదు, కనపడింది. ఇంకోటి వెయ్యి" అంది. రెండోది చేతుల్లో పడింది.

ఇంకో మూడేళ్లు ఆ చోట నిలబడింది. మోకాళ్లు మొరాయించాక కాటా దగ్గర కూర్చుంది. కొత్తగా ఎవరు మొదటి చోటుకు వచ్చినా ముందు తన దగ్గరికి పిలిచి, ఒక్కో కన్నూ మూయించి, ఎదురుగా ఉన్న లారీ నంబరు చదివించేది. ఒకరోజు ఊరికే మేస్త్రీనీ కూర్చోబెట్టింది. ఎడమ కంటితో ఆయన చదివిన నంబరు ఏ లారీదో ఎవరికీ అంతుపట్టలేదు. లారీ మీద దుమ్ముందని ఆయన అరగంట వాదించాడు. మరిది తడిగుడ్డ తెచ్చి నంబరు శుభ్రంగా తుడిచాడు. మేస్త్రీ మళ్లీ చూసి, గొంతు తగ్గించి, "ఆ డాక్టరమ్మ ఏ రోజుల్లో ఉంటుంది?" అని అడిగాడు.