వెండెల్ క్రూగర్ రాగిపొడి గుండు

వెండెల్ క్రూగర్‌ది ఉడుంపట్టు. ఊరేసిన దోసకాయల సీసాకి ఆయన మూత పెట్టాడంటే ఆ సీసా ఇక ఆ ఇంట్లో తెరుచుకోదు. భార్య ఆర్లీన్ దాన్ని చంకన పెట్టుకుని పక్కింటికి పోయి తీయించుకు రావాల్సిందే. కుళాయి కట్టేస్తే వాషరు చిరిగిపోవాల్సిందే. "కాస్త నెమ్మదిగా తిప్పవయ్యా మహానుభావా" అని ఆవిడ పెళ్ళయిన దగ్గర్నుంచీ మొత్తుకుంటూనే ఉంది. ఆయన వింటేగా!

విస్కాన్సిన్‌లో బతుకంతా పాల లారీ తోలి రిటైరైన మనిషి. ఇంటి కింద నేలమాళిగలో ఆయనకో బల్ల, బల్లకి బిగించిన చేతి ప్రెస్సు. కాల్చేసిన తూటాల ఇత్తడి గొట్టాలు ఏరుకొచ్చి, కడిగి, మళ్ళీ తుపాకీ మందు పోసి, పైన గుండు పెట్టి, గొట్టం మూతి బిగించి కొత్త తూటా చేసుకుంటాడు. దుకాణంలో కొన్న తూటా కాల్చడం ఆయన దృష్టిలో ఇంట్లో వంట పెట్టుకుని హోటలుకి పోయినట్టే. ఇక మూతి బిగించడం ఎలాగో చెప్పాలా? ప్రెస్సు మీటకి వేలాడతాడు. లోపలి సీసపు గుండు ఊపిరాడక చావాలి.

ఏటా నవంబరులో మా రైఫిల్ క్లబ్బులో టర్కీ పందెం జరుగుతుంది. మనిషికో అట్ట, అట్ట మీద ఇంటూ గుర్తు, ఒక్కటే తూటా. గుర్తుకి అతి దగ్గరగా కొట్టినవాడికి గడ్డకట్టిన టర్కీ కోడి. క్రూగర్ల ఇంట్లో థాంక్స్‌గివింగ్ పండగ నాడు కోడి ఎవరు తెస్తే కత్తి వాళ్ళ చేతికి. కొడుకులు, కోడళ్ళు, మనవలు అందరూ చూస్తుండగా బల్ల మొదట్లో నిలబడి ఆ కోడిని కోసేది ఎప్పుడూ వెండెలే. ఆర్లీన్ దుకాణంలో కోడి కొన్న పాపాన పోలేదు. ఆ కత్తి కోసం మనిషి ఏడాదంతా ఎదురుచూస్తాడు. నవ్వకండి, ఎవరి పిచ్చి వాళ్ళకానందం.

ఈసారి క్లబ్బు వాళ్ళు కొంప ముంచారు. పందెం లోపలి హాల్లో పెడతాం, హాల్లో సీసం పనికిరాదు, పొగ పీలిస్తే ఒంటికి చేటు అన్నారు. రాగిపొడిని ఒత్తి చేసిన గుళ్ళే వాడాలట. ఇనుప గోడకి తగిలితే పిండైపోతాయి, ముక్క వెనక్కి ఎగిరి ఎవరి మొహానా పడదు. మంచిదే. కానీ వెండెల్ ఒకటి అరచేతిలో వేసుకుని తూచి మొహం చిట్లించాడు. "ఇదేం గుండయ్యా, బరువే లేదు. బిస్కట్టులా ఉంది." అని తిట్టుకుంటూనే ఒక డబ్బా కొని, అలవాటు ప్రకారం మీటకి వేలాడి మూతులు బిగించాడు.

పందేనికి వారం ముందు హాల్లో సాధన. పక్క వరసలో ప్రాణమిత్రుడు లైల్ హాగన్. భార్య పోయినప్పట్నుంచీ డబ్బా సూపుతో కాలం గడుపుతున్నాడు గానీ నోరు మాత్రం చురుగ్గానే ఉంది. వెండెల్ రివాల్వరెత్తి ఢామ్మనిపించాడు. అట్ట దగ్గరికి లాగి చూస్తే గుండంత చిల్లు లేదు. అటూ ఇటూ చిన్న చిన్న రంధ్రాలు, ఆమ్లెట్టు మీద మిరియాల పొడి చల్లినట్టు.

"ఉప్పు కూడా వేసుకోరా, తినేద్దాం" అన్నాడు లైల్.

"నోర్ముయ్. కంపెనీవాడు పాడు సరుకు పంపాడు." వెండెల్ ఆ మాటే హాలంతా తిరిగి చెప్పాడు. క్లబ్బు కార్యదర్శి నోరీన్‌కి రెండుసార్లు చెప్పాడు.

ఇంటికెళ్ళి ఒక తూటా ఊడదీశాడు. గుండు రెండు ముక్కలై చేతిలో పడింది. సరిగ్గా తను మూతి బిగించిన చోటే చుట్టూ పగులు. ఇంకోటి తీశాడు. అదీ అంతే. సీసం అయితే నొక్కితే లొంగుతుంది, ఈ రాగిపొడి పగిలిపోతుంది. తప్పు కంపెనీది కాదు, తన చేతిదే. ఎవరూ లేరు కదా అని చుట్టూ చూసుకుని, మిగిలిన చెత్త తూటాలు కోటు ఎడమ జేబులో పడేశాడు. తర్వాత కొత్తవి చేశాడు, మీటని రెండు వేళ్ళతో, పసిపిల్ల బుగ్గ ముట్టుకున్నట్టు. వాటిని కుడి జేబులో పెట్టుకున్నాడు. అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు, ఆర్లీన్‌కి కూడా.

పందెం రోజు వెండెల్ కుడి జేబులోంచి ఒకటి తీసి కాల్చాడు. ఒకే ఒక్క చిల్లు, గుండ్రంగా, గుర్తుకి గోరంత దూరంలో. అంత దగ్గర ఎవరూ కొట్టలేదు. ఇక మిగిలింది లైల్ ఒక్కడే. వాడేమో బుర్ర లేకుండా పాత సీసపు తూటాలు పట్టుకొచ్చాడు. గుమ్మంలోనే నోరీన్ లాగేసుకుంది.

"ఒరేయ్, ఒకటి అప్పివ్వరా" అన్నాడు లైల్.

గెలుపు జేబులో ఉందనుకున్న మనిషికి జాలి ఎక్కువవుతుంది. వెండెల్ చూసుకోకుండా జేబులో చెయ్యి పెట్టి ఒకటిచ్చాడు. లైల్ కాల్చాడు. అట్ట వచ్చింది. అట్ట నిండా మిరియాల పొడి.

హాలంతా పగలబడి నవ్వింది. నోరీన్ మాత్రం నవ్వలేదు. భూతద్దం తెచ్చి అట్ట మీదికి వంగింది. ఒక్క రవ్వ, ఆవగింజంత, సరిగ్గా రెండు గీతలూ కలిసే చోట దిగింది. ఆవిడ గోడ మీది నియమం పైకి చదివింది: గుర్తుకి అతి దగ్గర చిల్లు ఎవరిదో కోడి వారిది. ఎన్ని చిల్లులుండాలో ఎవడూ రాయలేదు.

"లైల్ గెలిచాడు" అంది.

వెండెల్ ఎడమ జేబు తడుముకున్నాడు. అందులో ఒకటి తగ్గింది. నోరు విప్పాలంటే ఆ చచ్చు తూటా తన చేతి పనేనని ఒప్పుకోవాలి. వద్దులే, పోతే కోడే పోయింది, పేరైనా మిగలనీ అని పళ్ళు బిగించాడు. అంతలో ఎవరో అడిగారు: "లైల్, ఈ తూటా ఎవరు చేశార్రా?"

"నేనే" అన్నాడు లైల్, గడ్డం నిమురుకుంటూ. "కొత్త పద్ధతి. మూతి బిగింపులో ఉందిలే కిటుకు."

కోడి పోతే సహించాడు గానీ ఇది ఎలా సహిస్తాడు? "అబద్ధం! ఆ బిగింపు నాది" అని అరిచాడు వెండెల్. "ఈ క్లబ్బులో గుండుని అలా పగలగొట్టే చెయ్యి ఇంకెవడికుంది?"

నోరీన్ కళ్ళద్దాలు కిందికి జరిపింది. "మరి కంపెనీవాడు పాడు సరుకు పంపాడన్నారు?"

"వాడు మంచిదే పంపాడు" అన్నాడు వెండెల్ నేలచూపులు చూస్తూ. "పాడు చేసింది నేనే."

పరువూ పోయింది, కోడీ పోయింది. ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పి కుర్చీలో కూలబడ్డాడు. ఆర్లీన్ అంతా విని, "అయితే ఆ కోడి లైల్ ఏం చేసుకుంటాడు? సూపు డబ్బాలో కుక్కుతాడా?" అని లైల్‌ని పండక్కి పిలవడానికి ఫోనందుకుంది.

థాంక్స్‌గివింగ్ ముందు రోజే లైల్ కోడిని చంటిపిల్లలా ఎత్తుకొచ్చి ఆవిడకిచ్చాడు. మర్నాడు బల్ల చుట్టూ అందరూ కూర్చున్నాక ఆర్లీన్ కత్తి తీసింది. వెండెల్ చెయ్యి దానంతటదే లేచింది. ఆవిడ కత్తిని లైల్ చేతిలో పెట్టింది. "తెచ్చినవాళ్ళే కొయ్యాలి, ఇంటి పద్ధతి" అంది. వెండెల్‌కి ఏడుపొక్కటే తక్కువ. పోయి మనవరాలి పక్కన బల్ల చివర కూర్చున్నాడు.

లైల్ మొదటి ముక్క కోసి అటే పంపాడు. పొగలు కక్కుతోంది. వెండెల్ అన్యమనస్కంగా నోట్లో వేసుకుని ఆగిపోయాడు.

"ఆర్లీన్, ఇది వేడిగా ఉందేంటి?"

"ఎప్పుడూ వేడిగానే వండుతాను. అందరికీ కోసి, వడ్డించి, పందెం కథంతా చెప్పి నువ్వు కూర్చునేసరికి చల్లారిపోతుంది."

వెండెల్ ఇంకో ముక్క తిన్నాడు. గ్రేవీ పోసుకున్నాడు. ఇన్నేళ్ళుగా తను తిన్నదంతా చద్ది కోడేనన్నమాట. బల్ల మొదట్లో లైల్ చెమటలు కక్కుతూ తొడ కీలుతో కుస్తీ పడుతున్నాడు, వాడి కంచంలో ఇంకా మెతుకు పడలేదు. వెండెల్ కంచం ముందుకి తోశాడు.

"ఇంకొంచెం పంపరా లైల్. వచ్చే ఏడాది తూటా కూడా నేనే ఇస్తాలే."