దక్షిణపు గోడ అంకెలు

నేను పదవీ విరమణ చేయడానికి నాలుగేళ్ల ముందు, ఒక మే నెలలో, మా సంస్థ నన్ను ప్రధాన ప్రోగ్రామర్‌గా వనపర్తిలోని తాత్కాలిక కార్యాలయానికి పంపింది. నాగర్‌కర్నూల్ వైపు ఒక ఊరు జలాశయం కింద మునగబోతోంది. ఊరు ఖాళీ కాకముందే ఇంటింటికీ త్రీడీ నమూనా తయారుచేసి, పునరావాస కాలనీలో పెద్ద తెర మీద చూపించాలి. నా కింద ఇద్దరు ప్రోగ్రామర్లు, ఒక ఫోటోగ్రాఫర్ ఉండేవారు.

మొదటి వారం ఫోటోగ్రాఫర్ వెంట నేనూ ఊరికి వెళ్లాను. బాలమ్మ అనే ఆవిడ గడ్డపార పట్టుకుని తన ఇంటి దక్షిణపు గోడ దగ్గర నిలబడి ఉంది. మట్టిగోడ. దాని మీద ఛాతీ ఎత్తున, పచ్చిగా ఉన్నప్పుడు అద్దిన అరచేతి గుర్తు ఉంది.

"మా ఇంటాయన చెయ్యి సారూ. గోడ లేపిననాడు అద్దిండు. ఆయన పోయి పన్నెండేండ్లాయె. గీ ముక్క కోసుకొని పోత," అంది.

కోస్తే మట్టి రాలిపోతుందమ్మా, నాలుగు గోడలూ ఫోటో తీస్తున్నాం, కొత్త కాలనీలో ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు అని నేనే చెప్పాను. ఆమె గడ్డపార పక్కన పెట్టింది. మా కళ్ల ముందే ఫోటోగ్రాఫర్ ఆ గోడను తీశాడు.

తెర మీద ఇల్లంటే త్రిభుజాల అల్లిక. ప్రతి మూలకూ అది ఎక్కడుందో చెప్పే అంకెలు మూడు ఉంటాయి. ఫోటోలో ఏ చోటు ఆ మూలకు అతుక్కోవాలో చెప్పడానికి ఇంకో రెండు అంకెలు ఇవ్వాలి. ఫోటో ఎడమ అంచు సున్నా, కుడి అంచు ఒకటి, నిలువుగానూ అంతే. ఈ జంటల వరుసనే టెక్స్చర్ కోఆర్డినేట్ అర్రే అంటారు. మూలల వరుస ఏదో జంటల వరుసా అదే కావాలి. ఒక్క జంట జారితే తలుపు పోయి కప్పు మీద కూర్చుంటుంది. వరుస తప్పని ప్రోగ్రామర్‌నని నాకు కాస్త గర్వం ఉండేది.

ఊరంతా కలిపేసరికి ఫోటోలు కాలనీ కంప్యూటర్ మెమరీకి మించిపోయాయి. అక్కడి ఇళ్లు దాదాపు అన్నీ తూర్పు ముఖం. పక్క గోడలు రెండూ పైపైన ఒకేలా ఉంటాయి. ఇలాంటప్పుడు మా వృత్తిలో ఒక అలవాటుంది. ఒక గోడ ఫోటోనే కుడి ఎడమలు తిప్పి రెండో గోడకూ వాడుకుంటాం. అర్రేలో అంకెలు మారిస్తే చాలు. అన్ని ఇళ్లకూ దక్షిణపు గోడకు ఉత్తరపు గోడ ఫోటో అంకెలే ఇవ్వమని ఆదేశించాను. అప్పుడు నాకు బాలమ్మ గుర్తే రాలేదు. ఆమోదానికి ముందు ఊరి పెద్దలకు నమూనా ఒకసారి చూపించాం. ఒప్పందం ప్రకారం, ఆమోదం పొందిన నెలకు అసలు ఫోటోలు చెరిపేయాలి. చెరిపినట్టు పత్రం మీద సంతకం కూడా నాదే.

మరుసటి ఏడు, నీళ్లు వచ్చాక, కాలనీ హాలులో ప్రదర్శన పెట్టాం. జనం తమ తమ ఇళ్లు చూసుకుని పేర్లు పెట్టి పిలుచుకున్నారు. బాలమ్మ ముందుకొచ్చి తన ఇంటిని దక్షిణం వైపు తిప్పమంది. తిప్పాను. నున్నటి గోడ, దాని మీద ఒక పగులు.

"గిది ఉత్తరం గోడ సారూ. గీ పగులు ఆ దిక్కుది. గిటు ఎట్లొచ్చింది? చెయ్యి ఏది?"

వనపర్తికి తిరిగొచ్చి డిస్కులన్నీ వెతికించాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. తిలాపాపం తలా పిడికెడు అని పంచుకోవడానికీ లేదు. ఆదేశమూ సంతకమూ నావే. మూడో రోజు కాలనీకి వెళ్లి, ఫోటో లేదని, తప్పు నాదని బాలమ్మకు చెప్పాను. తిట్టినా బాగుండేది.

"మీరు వద్దంటే గడ్డపార పక్కన పెట్టిన," అంది. మళ్లీ తనే, "ఆ గోడ తీసెయ్యి సారూ. ఆ దిక్కు గోడ గీ దిక్కుకెందుకు?" అంది.

తీసేశాను. ఆమె ఇంటి దక్షిణపు గోడకు ఏ ఫోటో అంకెలూ ఇవ్వకుండా ఉత్త బూడిద రంగు ఉంచాను. తర్వాత మిగతా ఇళ్లకూ అదే చేశాను. పై అధికారులు పని అసంపూర్తిగా కనిపిస్తోందని రాశారు. నిజంగానే అసంపూర్తి అని జవాబిచ్చాను.

విరమణ దాకా నా కింద పనిచేసినవారికి ఇచ్చిన నియమం ఒకటే. నమూనాలో సొంత ఫోటో లేని గోడను ఖాళీగా వదలండి, పక్క గోడతో నింపకండి. ఖాళీ గోడ ఉంటే ఇంటివాళ్లు ఎందుకని అడుగుతారు, అసలు ఫోటోలు చెరిపేలోపు మనం వెతుకుతాం. ఆ ఊళ్లో గోడలన్నీ నిండుగా కనిపించాయి కాబట్టి, చెరిపేలోపు నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.