ఒక మూత మందు

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ వెనక సందులో ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంటుకు గోపయ్య వాచ్‌మన్. మెట్ల కింద గదిలో అతనూ, భార్య ఈరమ్మా కాపురం. దేవరకొండ అవతల బత్తాయి తోటలు నీళ్లు లేక ఎండిపోయాక పట్నం చేరినవాడు. ఆ తోటల్లో పాతికేళ్లు డీజిల్ ఇంజన్లు నడిపిన చెయ్యి అది. చప్పుడు విని జబ్బు చెప్పేవాడు. కానీ గేటు తీయడానికి ఆ విద్యతో ఏం పని? అందుకని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

పని 2011లో పడింది. సకల జనుల సమ్మె మొదలైంది, బొగ్గు గనులు ఆగాయి, కరెంటు ఇష్టం వచ్చినప్పుడు వచ్చి ఇష్టం వచ్చినప్పుడు పోసాగింది. మూతపడ్డ సినిమా హాలు నుంచి ఎప్పుడో కొన్న ముసలి జనరేటర్ ఒకటి సెల్లార్‌లో పడి ఉంది. దాన్ని లేపడం గోపయ్య ఒక్కడికే చేతనయింది. నిన్నటిదాకా "ఒరేయ్ గోపయ్యా" అన్న నోళ్లే "గోపయ్యగారూ, లిఫ్ట్ వస్తుందాండీ?" అన్నాయి. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్యే గదా.

అపార్ట్‌మెంటు సంఘానికి అధ్యక్షుడు అంతయ్య. ప్రభుత్వాఫీసులో గుమాస్తా. పొద్దున ఎల్బీనగర్ చౌరస్తాలో సమ్మె జిందాబాద్ అని అరిచి, మధ్యాహ్నం ఇంటికొచ్చి ఫ్యాన్ తిరగడం లేదని గోపయ్య మీద అరిచేవాడు. కార్యదర్శి భానుమూర్తిది తెనాలి. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కల మాస్టారు. సమ్మెను రోజంతా తిట్టేవాడు, సమ్మె సెలవుల్లో హాయిగా నిద్రపోయేవాడు. సెల్లార్ గోడకు ఏ రంగు వేయాలన్నది కూడా ఈ ఇద్దరి మధ్యా మూడేళ్లుగా తేలలేదు.

జనరేటర్ పది రోజులు ఎడతెరిపి లేకుండా తిరిగాక గోపయ్య ఇద్దరికీ ఒక మాట చెప్పాడు.

"సారూ, గీ కొత్త డీజిల్ల జిడ్డు లేదు. పొగ తగ్గాల్నని గంధకం తీసేసిన్రట, దాంతోని జిడ్డు గూడ పోయింది. మనది పాత ఇంజన్. దాని పంపుకు డీజిలే నూనె. ఒట్టిగ నడిపితె అరిగిపోతది. బజార్ల మందు దొరుకుతది, ఇరవై లీటర్లకు ఒక్క మూత పోస్తె సాలు."

ఆటోనగర్ మెకానిక్ చెప్పిన సంగతే అది. గోపయ్య చెవి కూడా అవునంది.

సాయంత్రానికల్లా భానుమూర్తి నీలం సీసా తెచ్చాడు. "బెజవాడలో మా బావమరిది లారీలన్నిటికీ ఇదేనయ్యా" అన్నాడు. అంతయ్య ముఖం మాడిపోయింది. మన జనరేటర్‌కు ఆంధ్ర మందెందుకని ఎల్బీనగర్ దుకాణం నుంచి ఎర్ర డబ్బా పట్టుకొచ్చాడు. రెండూ తయారైంది గుజరాత్‌లో. ఉద్యమం నడుస్తుంటే అట్ట మీద చిన్న అక్షరాలు చదివే తీరిక ఎవరికుంటుంది?

అంతయ్య గోపయ్యను పక్కకు పిలిచి, "నువ్వు మనోనివి. మన డబ్బాలదే పొయ్యాలె, సమజైందా?" అన్నాడు. భానుమూర్తి మెట్ల దగ్గర ఆపి, "పండక్కి ఈరమ్మకి చీర పెట్టింది మా ఆవిడే కదయ్యా. మన సీసా సంగతి కాస్త గుర్తుంచుకో" అన్నాడు. గోపయ్య ఇద్దరికీ దండం పెట్టి, ట్యాంకు నింపినప్పుడల్లా ఒకసారి నీలం, ఇంకోసారి ఎరుపు, మూత కొలత తప్పకుండా పోశాడు. ఇంజన్ గొంతు సవరించుకుని చక్కగా పాడింది.

అక్కడితో ఆగితే పెద్దమనుషులెలా అవుతారు? గోపయ్య కూరగాయలకు పోగానే అంతయ్య సెల్లార్‌లోకి దిగి సగం డబ్బా ఒంపేవాడు. మంగళవారం గోపయ్య కర్మన్‌ఘాట్ గుడికి వెళ్లగానే భానుమూర్తి దిగి సగం సీసా ఒంపేవాడు. ప్రాంతాభిమానం ఎంతో మోతాదు అంత. రెండు వారాలు తిరిగేసరికి ఇంజన్ తెల్లపొగ కక్కి, క్షయరోగిలా దగ్గి ఆగిపోయింది. గోపయ్య పరుగున సెల్లార్‌లోకి దిగాడు. ఇంజన్ పోతే తప్పు తనదంటారు. తప్పు తనదైతే మెట్ల కింద గది పోతుంది. ఈ వయసులో ఈరమ్మను తీసుకుని ఎక్కడికి పోవాలి?

రోజంతా కూర్చుని డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పి జిగట కడిగాడు. ట్యాంకు ఖాళీ చేసి కొత్త డీజిల్ పోశాడు. ట్యాంకు మూతకు తాళం వేసి, చెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

ఆదివారం సెల్లార్‌లో మీటింగ్ పెట్టారు.

"మా ట్యాంకుకి తాళం వెయ్యడానికి నువ్వెవరివయ్యా?" అన్నాడు భానుమూర్తి.

"గదే నేను గూడ అడుగుతున్న" అన్నాడు అంతయ్య.

గోపయ్య మొలతాడును గట్టిగా పట్టుకున్నాడు. "సారూ, ఒక్క మూతయితె మందు. సీసలకు సీసలు పోస్తె విషం. నేనున్నన్ని దినాలు తాళంచెవి నా తాననే ఉంటది."

గోపయ్యను తీసేయాలని ఐదు నిమిషాల్లో తీర్మానమైంది. ఆ అపార్ట్‌మెంటు పుట్టాక అదే మొదటి ఏకగ్రీవం. చెవి ఇమ్మని అంతయ్య చెయ్యి చాచాడు. అదే క్షణంలో భానుమూర్తీ చాచాడు. అధ్యక్షుడి దగ్గర ఉండాలని ఒకరు, కాదు కార్యదర్శి దగ్గరేనని ఇంకొకరు. మూడు గంటలు గడిచినా తేలలేదు. రెండో అంతస్తు ముసలమ్మ కౌసల్యమ్మకు విసుగొచ్చింది. "ఆ చెవేదో గోపయ్య దగ్గరే ఉండనీయండర్రా, అన్నాలు చల్లారిపోతున్నాయి" అంది. ఎదుటివాడికి దక్కలేదు, అదే పదివేలనుకుని ఇద్దరూ లేచారు. చెవితోపాటు గోపయ్యా ఉండిపోయాడు. విద్య కాపాడలేని గదిని పగ కాపాడింది.

సమ్మె ముగిసినా కరెంటు కోతలు ఆగలేదు, మూడేళ్లు అలాగే సాగింది. ఇద్దరూ పోటీ పడి మందు కొన్నారు, గోపయ్య ఒక్కో మూతే పోశాడు. 2014 జూన్‌లో రాష్ట్రం వచ్చింది. గోపయ్యకూ అదే కోరిక. ఆ పూట ఈరమ్మ పాయసం వండింది. అంతయ్య మిఠాయి డబ్బాతో భానుమూర్తి తలుపు తట్టాడు. భానుమూర్తి మూడు రోజులు ఆలోచించి, తాను తెనాలి పోయేది లేదని తేల్చుకుని, మిఠాయి తిన్నాడు. ఇద్దరూ కౌగిలించుకున్నారు.

స్నేహం కుదిరాక చేసిన మొదటి మంచిపని కొత్త జనరేటర్ కొనడం. మీట నొక్కితే చాలు. దానికి గోపయ్య అక్కర్లేదు. గేటుకు సెక్యూరిటీ కంపెనీ మనిషి వస్తాడట. నెలాఖరుకు గది ఖాళీ చేయమని ఇద్దరూ కలిసే వచ్చి, ఎంతో మర్యాదగా చెప్పారు.

పాత ఇంజన్ కొనడానికి ఆటోనగర్ నుంచి వేరే మెకానిక్ వచ్చి పంపు విప్పాడు. లోపల వేలితో రాసి చూశాడు. "అరుగుడే లేదు గదా! గింత పాత ఇంజన్‌ను ఎవరు చూసుకున్నరు సారూ?"

"అదంతా అంతయ్యగారి ఎర్ర డబ్బా మహిమండీ" అన్నాడు భానుమూర్తి.

"అయ్యో, కాదు సార్, మీ నీలం సీసదే" అన్నాడు అంతయ్య.

గేటు దగ్గర ట్రంకుపెట్టె ఆటోలోకి ఎక్కిస్తున్న గోపయ్యకు ఆ మాటలు వినబడ్డాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు. ఈరమ్మ చాపచుట్ట లోపలికి తోసింది.

"ఆళ్లు కొట్లాడినన్ని దినాలు మనకు గూడుండె" అంది. "ఇప్పుడు కలిశిన్రు. ఎక్కు, పోదాం."