బాగున్నానంటే నమ్మని మనిషి

బందరులో మా డాక్టరమ్మ పోయారని మొన్న పొద్దున ఫోనొచ్చింది. నిజమేనా అని మళ్లీ మళ్లీ అడిగాను. ఏ మాటనూ ఒక పట్టాన నమ్మకపోవడం ఆవిడ దగ్గర అబ్బిన అలవాటే.

తొంభైల చివర్లో ఆవిడ మానసిక వైద్యశాలలో నేను కౌన్సిలర్‌ని. రోగులతో వారం వారం కూర్చుని మాట్లాడటం నా పని. వాళ్లకి నిజంగా నయమవుతోందో లేదో కనిపెట్టుకుని ఉండటం ఆవిడ పని. "మీ దయవల్ల బాగున్నానండీ" అని ఎవరైనా అంటే నాకు కడుపు నిండిపోయేది. ఆవిడకి అనుమానం మొదలయ్యేది.

"మనవాళ్లకి మర్యాద ఎక్కువమ్మా. గంటసేపు కూర్చుని విన్నావు కదా, తగ్గలేదంటే నువ్వెక్కడ నొచ్చుకుంటావోనని తగ్గిందంటారు," అనేవారు.

అందుకని నెలకోసారి నన్ను గది బయటికి పంపి తనే అడిగేవారు. ఎలా ఉన్నావని కాదు, నిన్న అన్నం ఎవరు వండారు, పిల్లకి జడెవరు వేశారు అని. తలుపు బయట నాకు ఒళ్లు మండేది. మీ అనుమానం రోగి మీదా, నా మీదా అని ఒకసారి అడిగేశాను. ఇద్దరి మీదా అన్నారు, నవ్వకుండా.

సముద్రం ఒడ్డు పల్లె నుంచి ఒకామె వచ్చేది. భర్త వేటకెళ్లి తిరిగి రాలేదు. అప్పట్నుంచీ చేపలమ్మడం మానేసింది. ఒకరోజు నవ్వుతూ వచ్చి, హాయిగా ఉందండీ, ఇక రానక్కర్లేదేమో అంది. నేను సంబరపడ్డాను. డాక్టరమ్మ మాత్రం తోడొచ్చిన చెల్లెల్ని పక్కకి పిలిచి ఆరా తీశారు. ఇక నాకెందుకని చీరలూ, గంపా, తక్కెడా ఆ వారమే చెల్లెలికి ఇచ్చేసిందట.

ఆమెను ఇంటికి పంపలేదు. చెల్లెల్ని తోడు పెట్టి ఆస్పత్రిలోనే ఉంచారు. ఆ అనుమానమే ఒక ప్రాణాన్ని నిలబెట్టింది. అందుకు ఇవాళ్టికీ ఆవిడకి రుణపడి ఉన్నాను.

కొన్నాళ్లకి ఇంటికి పంపినా, ఏడాది గడిచినా నయమైందని ఆవిడ ఒప్పుకోలేదు. ఆమె వచ్చినప్పుడల్లా చేతులు జోడించి బాగున్నానండీ అనేది. ఆ దండమే ఆవిడకి నచ్చేది కాదు.

ఒక ఆదివారం ఇద్దరం చేపల మార్కెట్‌కి వెళ్లాం. ఆమె గంప ముందేసుకుని కూర్చుని ఉంది. డాక్టరమ్మ ఒక పండుగప్పని ఎత్తి, మొప్పలు విప్పి చూసి, ఇది నిన్నటిదేమో అన్నారు.

ఆమె చేపని లాక్కుంది. "కొంటే కొనండి, లేకపోతే అవతలికి జరగండి. పొద్దున్నే నా బేరం చెడగొట్టకండి."

జనం ఆగి చూస్తున్నారు. నీచునీళ్లలో చెప్పులు తడుస్తున్నా డాక్టరమ్మ కదల్లేదు. ముఖం వెలిగిపోతోంది.

"ఇప్పుడు నమ్ముతాను," అన్నారు నాతో మెల్లగా.

ఆమె ఇంకా తిడుతూనే ఉంది. ఆవిడ వింటూనే ఉన్నారు.