బొంబాయి మామ లారీకి చక్రాలు మాయం

ఆ రోజుల్లో, పత్రికాఫీసులో కొత్తగా చేరిన నాకు, రెండు విషయాల్లో నన్ను మించినవాడు లేడనిపించేది: ఇతరుల వార్తల్లో తప్పులు పట్టడం, కంప్యూటర్లు బాగుచేయడం. (మొదటిదానికి జీతం ఇచ్చేవారు. రెండోదానికి మా అత్త చాయ్ ఇచ్చేది.)

మా మేనమామను జహీరాబాద్‌లో అందరూ బొంబాయి మామ అనేవారు. ముప్పై ఏళ్లు బొంబాయి హైవే మీదే లారీ నడిపాడు. దూరపు చూపు తగ్గింది, ఇక స్టీరింగ్ పట్టొద్దని దవాఖానలో చెప్పాక, లారీ అమ్మేసి గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. అది చూడలేక ఆయన కంప్యూటర్‌లో లారీ నడిపే ఆట పెట్టి, మోడ్‌లు తగిలించాను. అంటే, ఆట తయారుచేసినవాళ్లు ఇవ్వనివి మనబోటివాళ్లు చేసి అతికించుకునే అదనపు సరుకు. పసుపు లారీ, మన రోడ్లు, మామ పాత హారన్‌లాంటి మోత ఎవరెవరో చేసి పెట్టినవి దొరికాయి. బంపర్‌కు వేలాడే నిమ్మకాయ, మిరపకాయల దండ మాత్రం మూడు రోజులు కష్టపడి నేనే చేశాను.

"నా బండి మళ్ల రోడ్డెక్కింది, వచ్చి చూడున్రి" అని మామ న్యాల్‌కల్‌లో ఉన్న ఇద్దరు పాత డ్రైవర్ దోస్తులను ఆదివారం మధ్యాహ్నానికి పిలిచాడు. ఆ పొద్దున్నే ఆట తనంతట తాను అప్‌డేట్ అయింది. తెరిచి చూస్తే లారీకి చక్రాల్లేవు. బురదలో పడుకున్న బర్రెలా రోడ్డుకు పొట్ట ఆనించి కూర్చుంది.

"టైర్లు ఎవడు ఇప్పుకపోయిండు అల్లుడా?"

"కొత్త అప్‌డేట్‌కు పాత మోడ్ ఏదో పడలేదు మామా. ఫికర్ చేయకు, పది నిమిషాలు."

రెండు గంటలైంది. లారీ మార్చాను, రోడ్లు మార్చాను, పాపం హారన్‌ను కూడా అనుమానించాను. చక్రాలు రాలేదు సరికదా, ఒకసారి లారీ ఆకాశంలో తేలింది. "ఇమానం నడుపుడు నాకు రాదుర" అన్నాడు మామ చాయ్ ఊదుకుంటూ. కళ్లు మాత్రం గడియారం మీదే ఉన్నాయి. చివరికి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"జర ఆగు. సరుకంత దించు. ఖాలీ బండి నడుస్తదా చూడు. నడిస్తే ఒక్కొక్కటే ఎక్కియ్యి. ఏది ఎక్కిస్తే కూలబడ్తదో, దొంగ గదే."

అన్నీ తీసేస్తే ఆటలోని మామూలు లారీ చక్కగా నడిచింది. రోడ్లు ఎక్కించాను, పసుపు లారీ ఎక్కించాను, హారన్ ఎక్కించాను. చక్రాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. దండ ఎక్కించాను. బర్రె మళ్లీ కూలబడింది.

"గిది ఎవరు చేసిన్రు?" అన్నాడు మామ ఎంతో అమాయకంగా. (ఆయనకు తెలుసు. వారం రోజులుగా అందరికీ చెప్పుకున్నది నేనే.)

దండ తీసేస్తే పని అయిపోయేది. మామ చేతులు కట్టుకున్నాడు. "నిమ్మకాయ లేని బండి నేను ముట్ట. ముప్పై ఏండ్లల్ల ఎన్నడు ముట్టలే."

అప్పుడే వాకిట్లో ఆటో ఆగింది. అత్త వంటింట్లోంచి వచ్చి, దారానికి గుచ్చిన అసలు నిమ్మకాయను, మిరపకాయలను మానిటర్‌కు వేలాడదీసి, "ఇగ నడువు" అంది.

నేను ఆటలోని దండ తీసేశాను. దోస్తులు మామ వెనక నిలబడ్డారు. హారన్ మోగగానే ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. రెండో ఆయన కాసేపు చూసి, "అంత మంచిగుంది గని, గీ నిమ్మకాయ ఎవరు చేసిన్రే? అచ్చం అసలుదాని లెక్కనే ఉంది" అన్నాడు.

"మా అల్లుడే" అన్నాడు మామ, నవ్వకుండా.

ఇన్నేళ్ల తర్వాత కూడా, రాసింది ఎక్కడో కూలబడితే అన్ని వాక్యాలూ మార్చి చూస్తాను, నాకు ముద్దొచ్చే ఆ ఒక్కటి తప్ప. ఇక దిక్కుతోచనప్పుడు నిమ్మకాయ వాసన వస్తుంది.