తెలిసే నవ్వించాను

ఆరేళ్ల కింద నేనన్న ఒక మాట ఇంకా నన్ను వదల్లేదు. మగ్గాల పనికి మనోళ్లు వలసొచ్చిన ఈ గోడాదరాలో, నా మాటకు నవ్వని మనిషి మా గల్లీలో లేదు. ఆ మాటకూ నవ్వారు. అదే నా పాపం.

ఐదో తరగతితో బడి మానేశాను. చదువు రాలేదు కానీ నోరొచ్చింది. వరండాలో ఆడవాళ్లం గుండ్రంగా కూర్చుని, చీరలు ఒళ్లో పరుచుకుని మెరుపు రాళ్లు అతికించేవాళ్లం. పక్క గదిలో లావణ్య ఉండేది. తొలికాన్పు అయి నాలుగు నెలలు. మొగుడు మగ్గాల కార్ఖానాలో పని. ఆమె అత్త కూడా మాతోనే రాళ్లు అతికించేది.

ఒక మధ్యాహ్నం అత్త నీళ్లకు లేచి వెళ్లగానే లావణ్య నా చెవి దగ్గరికి జరిగింది.

"అక్కా, కాన్పయినంక కింద అంత ఎండిపోయినట్టున్నది. ఆయన దగ్గరికొస్తే కోసినట్టయితున్నది. ఎవలకు చెప్పుకోవాలె?"

నాకు తెలుసు. రెండో కాన్పు తర్వాత నాకూ అంతే అయింది. పాలిచ్చినన్నాళ్లు చాలామందికి అలా ఉంటుందని, నొప్పయితే మొగుణ్ని ఆగమనమని చెప్పి డాక్టరమ్మ ఒక జెల్ రాసిచ్చింది. ఆ చీటీ మా బియ్యం డబ్బాలోనే ఉంది. లేచి తెచ్చిస్తే అయిపోయేది.

అంతలో అత్త వచ్చింది. "ఏందే గుసగుసలు?"

నిజం చెబితే, నీకెట్ల తెలుసని అడిగి నా గుట్టూ లాగితే? భయమేస్తే నాకు జోకు వస్తుంది.

"ఏం లే పెద్దమ్మా, మొగుడు దగ్గరికొస్తే నీ కోడలికి కరువు పడుతదట. మనసు ఇంకో కాడ ఉంటే తడి ఏడికెళ్లి వస్తది?"

అందరూ పడీపడీ నవ్వారు. లావణ్య తల దించుకుంది. అత్త మాత్రం నవ్వలేదు. రాయి చేతిలోనే పట్టుకుని కోడలి వైపే చూసింది.

తర్వాతివన్నీ గోడ ఇవతల నుంచి విన్నాను. ఫోన్‌లో ఎవడని అత్తా, మొగుడూ లావణ్యను నిలదీయడం. మిద్దె మీద ఇంతసేపేందని. తర్వాత బయటి గొళ్లెం చప్పుడు. తర్వాత దెబ్బలు. నేను టీవీ సౌండు పెంచాను. అవును, పెంచాను.

నెల తిరక్కముందే లావణ్య బిడ్డనెత్తుకుని అన్న వెంట ఊరికి వెళ్లిపోయింది. పోతూ నన్ను చూసింది. ఒక్క తిట్టు తిట్టలేదు. తిడితే ఏదో ఒకటి తిప్పి అనేదాన్ని. మళ్లీ రాలేదు.

సరదాకన్నానని ఇన్నేళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. సరదాకేనా? నా గుట్టు కప్పుకోవడానికి, నమ్మి చెప్పిన పిల్ల గుట్టు లాగి పదిమంది ముందు పరిచాను. దాన్ని సరదా అని ఏ నోటితో అంటాను?

అత్త కొడుక్కి మళ్లీ పెళ్లి చేసింది. ఆ పిల్ల కూడా ఈమధ్యే కన్నది. మొన్న అత్త నా పక్కన కూర్చుని, మెల్లగా అంది. "గీమెకు గూడ గట్లనేనట. నువ్వప్పుడన్నది నిజమే గదా?"

చేతిలో రాయి పక్కన పెట్టాను.

"అబద్ధం పెద్దమ్మా. పాలిచ్చేటోళ్లకు అయితది. నాకూ అయింది. లావణ్యది ఏ తప్పూ లేకుండె."

లేచి చీటీ తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. మడతల దగ్గర చిరిగిపోయింది. ఎవరూ నవ్వలేదు.

"గప్పుడెందుకు చెప్పలే?" అంది.

చీటీలో జెల్ పేరు మీద వేలు పెట్టి చూపించి, లోపలికి వచ్చేశాను. ఆ జవాబు మీకు చెబుతున్నాను. తెలియక కాదు. తెలిసే నవ్వించాను.